పడమటి గెట్టు

పరకాల తాలూకాలో నేను గొలుసు పరిచానంటే చెరువు కూడా దాన్ని దాటేది కాదు. నమ్మితే నమ్మండి. ఎనభైల మొదట్లో, పొంగి ఒక ఇంటి మీదికి వస్తున్న చెరువును, పక్కన పోలీసు లేకుండా, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నేనొక్కడినే వెనక్కి పంపించాను. ఈ ముచ్చట మా సర్వే ఆఫీసులో చెప్పని రోజు లేదు. నా రిటైర్మెంటు సభలో మైకు పట్టుకొని చెప్పాను. పెళ్లిళ్లలో భోజనాల బంతిలో, పక్కవాడు పప్పు కలుపుకొనే లోపల చెప్పాను. చెప్పిన కొద్దీ నీళ్ల లోతు పెరిగింది. మొదట్లో అవి చీలమండ దాకానే ఉండేవి. కొన్నాళ్లకు మోకాలికి వచ్చాయి. మొన్న మా మేనల్లుడి కూతురి పెళ్లిలో నడుం దాటాయి.

ఇప్పుడు సర్వేయర్లుగా చేరుతున్న పిల్లలారా, మీ కోసమే రాస్తున్నాను. కాబట్టి లోతు కాస్త తగ్గించి రాస్తాను.

మీరు మూడు కాళ్ల మీద మిషను నిలబెట్టి, కన్ను చికిలించి కొలుస్తున్నారు. మా కాలంలో ఒక ఇనుప గొలుసు, నాలుగు జెండా కర్రలు, ఒక చైన్‌మన్. మా చైన్‌మన్ నాకంటే బాగా పెద్దవాడు. నిజాం సర్కారు పోకముందే గొలుసు భుజాన వేసుకున్నవాడు. నన్ను "సారూ" అనే పిలిచేవాడు గానీ, ఆ పిలుపులో బుద్ధి రాని అల్లుణ్ని పిలిచినట్టు ఏదో ఒకటి ఉండేది.

డెబ్బైల మొదట్లో, వానలు వరుసగా ముఖం చాటేసిన కాలంలో, కాజీపేట నుంచి ఒక గార్డు మా ఆఫీసుకు వచ్చాడు. గూడ్సు బండి గార్డు. ఉద్యోగమంతా బండి చివరి డబ్బాలో కూచుని, వెనక్కిపోయే ఊళ్లను చూస్తూ బతికిన మనిషి. ఇంకొన్నేళ్లలో దిగిపోతాడు. దిగిన నాడు రైల్వే క్వార్టరు ఖాళీ చేయాలి. పిల్లలు లేరు. చేయి చాపితే ఆసరా ఇచ్చే అన్నదమ్ములూ లేరు. అందుకని భార్యాభర్తలు పొలమూ, అందులో ఇల్లూ కలిసొచ్చే జాగ కోసం వెతుకుతున్నారు. పరకాల దగ్గరి ఒక ఊళ్లో దొరికిందట. కొనేముందు కొలిపించుకుందామని అర్జీ పెట్టుకున్నాడు.

ఆ జాగ సంగతి మాకు ముందే తెలుసు. తాలూకాలో తెలియనివాడు లేడు. అమ్మేది వరంగల్ ధాన్యం మార్కెట్లో ఒక సేటు. ఆయన తమ్ముడు బెంగళూరు వెళ్లి, అక్కడెవరో అద్దాల ఇళ్లలో పూలు పెంచడం చూసొచ్చి, ఆ పొలంలో ఇనుప చట్రాలు నాటి, పైకప్పుకూ గోడలకూ గాజు పలకలు బిగించి అలాంటివి రెండు కట్టించాడు. ఊరివాళ్లు వాటిని అద్దాల కొట్టాలు అనేవాళ్లు. బెంగళూరు చల్లదనానికి అద్దం పనికొస్తుంది. మన ఎండకు? మొదటి వేసవిలోనే గులాబీ మొక్కలన్నీ ఆ అద్దాల కింద ఉడికి చారయ్యాయి. తమ్ముడు మళ్లీ బెంగళూరు చేరాడు. సేటు పొలానికి బేరం పెట్టాడు.

కొలత రోజున గార్డు భార్యను కూడా తీసుకొచ్చాడు. ఆ రోజుల్లో భూమి కొనేటప్పుడు ఆడవాళ్లను తెచ్చేవాళ్లు తక్కువ. ఈమె తానుగా వచ్చినట్టుంది. క్వార్టర్లో నూనె డబ్బాల్లో క్రోటన్లు పెంచేదట. రైలింజన్ల షెడ్డు పొగకు ఆకులు నల్లబడితే, తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేదట. ఇదంతా గార్డే చెప్పాడు. చెబుతున్నప్పుడు కొంచెం సిగ్గుపడ్డాడు, కొంచెం మురిసిపోయాడు.

గెట్లు తిరగడం మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. మా దిక్కు పొలం కొనాలంటే కాగితం కంటే ముందు గెట్లు తిరగాలి. అమ్మేవాడు, కొనేవాడు, సర్వేయరు కలిసి పొలం చుట్టూ నడుస్తారు. ప్రతి వైపూ ఆ వైపు పొరుగు రైతు తన గెట్టు మీద నిలబడి ఉంటాడు. "ఇదే గెట్టు, నాకు లొల్లి లేదు" అని నోటితో అనాలి. లొల్లి ఉంటే అక్కడే తిట్టాలి. ఆ రోజు తిట్టనివాడు తర్వాత తిట్టడానికి లేదు.

తూర్పు రైతు మర్యాదస్థుడు. "గీ తుమ్మ మొద్దు మా నాయన పాతింది. దీనికి గివతల మీది, గవతల మాది. ఇగ బీడీ ఇయ్యున్రి," అన్నాడు. ఉత్తరం వైపు ఇద్దరన్నదమ్ములు, వాళ్లలో వాళ్లు కొట్లాడుకొని మాకు అడ్డు చెప్పడం మరిచిపోయారు. దక్షిణం రైతు మాత్రం ఒక నాగటి సాలు పోయిందని సేటును ఎండ నెత్తికెక్కేదాకా తిట్టాడు.

"సేటూ, నువ్వు తూకంల తినేది సాలదా? నా సాలు గూడ తినాల్నా?"

సేటు నవ్వుతూనే ఆ సాలు వదులుకున్నాడు. గెట్టు మీద తిట్టేవాడు ఉన్నాడంటే కొనేవాడికి అంత మేలు మరొకటి లేదు. ఎక్కడ ఏముందో వాడి నోటి వెంట బయటికొస్తుంది.

పడమటి దిక్కుకు వచ్చాం. అక్కడ ఎవరూ లేరు.

"ఈ దిక్కు గెట్టోడెవరు సేటూ?" అని గార్డు అడిగాడు.

"ఈ దిక్కు చెరువు సార్. గెట్టోడే లేడు, లొల్లి వెట్టెటోడే లేడు. గిసొంటి జాగ మల్ల దొరుకదు."

అందరం తలలూపాం. చెరువు అంటే అప్పుడది చెరువులా లేదు. నేల నెర్రెలిచ్చి, మధ్యలో ఎవరో దోస తీగలు పెట్టుకున్నారు. మేకలు మేస్తున్నాయి. చెరువు తన గెట్టు మీద నిలబడి "ఇది నాది" అని చెప్పదు. తిట్టదు. బీడీ అడగదు. దాని తరఫున మాట్లాడాలన్న ఆలోచన ఆ రోజు మాలో ఎవరికీ రాలేదు.

హద్దు రాయి పాతడానికి చైన్‌మన్ గుంత తవ్వాడు. మట్టితో పాటు తెల్లగా నత్తగుల్లలు వచ్చాయి. గుప్పెడు తీసి నా ముందు పోశాడు.

"సారూ, గీ నత్తలు ఈడికి బస్సెక్కి వచ్చినయంటవా?"

"నువ్వు రాయి పాతు," అన్నాను.

గార్డు దగ్గరికొచ్చాడు. "ఏమైంది సార్?"

"ఏం లేదు. చెరువు పక్క జాగ గదా, జర ఎత్తుపల్లాలు చూసుకోండి."

ఈ మాట నేను గట్టిగానే చెప్పానని చాలా ఏళ్లు అనుకున్నాను. చెప్పడం చెప్పాను. గట్టిగా అన్నది మాత్రం తర్వాత కలిసింది. ఎలా చెప్పినా ఆయన వినేలా లేడు. ఆయన చూపు చెరువు మీద లేదు. ఆమె అప్పటికే ఒక అద్దాల కొట్టంలోకి వెళ్లిపోయింది. దుమ్ము పట్టిన అద్దాన్ని కొంగుతో రుద్ది, ఆ రుద్దిన మేర నుంచి మా వైపు చూసి కేకేసింది.

"ఓయ్, ఈడ ఆకుల మీద మసి వడదు!"

అంతే, బేరం అయిపోయింది.

నక్ష ప్రకారం ఆ భూమి పక్కా పట్టా. నేను పాతిన రాయి సరైన చోటే ఉంది. ఇప్పటికీ ఎవరైనా వెళ్లి కొలుచుకోవచ్చు. కానీ మా గొలుసుకు పొడుగు తెలుసు, వెడల్పు తెలుసు, పల్లం తెలియదు. చెరువు నిండా నిండితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయన్నది నక్షలో ఒక గీత. ఆ గీతకు అవతలే ఈ పొలం ఉంది. అయితే ఆ గీత, నీళ్లు పొర్లిపోయే మత్తడి మీద ఎవరూ చెయ్యి పెట్టనంత వరకే.

వాళ్లు బాగానే బతికారు కొన్నేళ్లు. నేను అటు డ్యూటీ పడ్డప్పుడల్లా వెళ్లి చాయ్ తాగొచ్చేవాణ్ని. సేటు తమ్ముడికి తట్టనిది ఆమెకు తట్టింది. కప్పు మీది అద్దాలు సగం ఊడదీయించి, జమ్ము తడకలు పరిపించింది. పూల జోలికి పోకుండా మిరప, వంకాయ, టమాట నారు పోసింది. బయట పోసిన నారు తెగులుకో, ఎండకో పోయేది, ఆమె నారు నిలిచేది. చుట్టుపక్కల రైతులు బండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు. అందరూ ఆమెను గార్డమ్మ అనేవాళ్లు. గార్డు రిటైరయ్యి, క్వార్టరు అప్పజెప్పి, పెట్టె బేడా సర్దుకొని వచ్చేశాడు. గట్టు మీద నిలబడి విజిలు ఊది కూలీలను పిలిచేవాడు. "గార్డు సారు ఊదిండు, బండి కదుల్తాంది, ఎక్కున్రి ఎక్కున్రి," అని ఆడకూలీలు నవ్వేవాళ్లు.

తర్వాత ఒక ఏడు వానలు పడ్డాయి. ఆగకుండా పడ్డాయి. చెరువు నిండి మత్తడి పోసింది.

ఇక్కడ ఊరి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఎన్నో ఏళ్లు ఎండిన పొలాలు చూసినవాళ్లు. మత్తడి మీద నుంచి పొర్లిపోయే నీళ్లు వాళ్ల కళ్లకు పారబోసుకుంటున్న గింజల్లా కనబడ్డాయి. యూరియా సంచుల్లో మట్టి నింపి, మత్తడి పొడవునా ఒక వరుస పేర్చారు. చెరువులో ఇంకో మూరెడు నీళ్లు నిలుస్తాయి, యాసంగి పంటకు అందుతాయి. ఆ మూరెడే గార్డు ఇంట్లోకి వచ్చింది.

గార్డు తాలూకా ఆఫీసుకు వచ్చి మొరపెట్టుకున్నాడు. మా అధికారి నన్ను పిలిచి, "పోయి హద్దు చూపెట్టి రా. మిగతాది వాళ్లు వాళ్లు చూసుకుంటరు," అన్నాడు.

చైన్‌మన్, నేను బస్సు దిగి నడిచి వెళ్లేసరికి వాన తెరిపిచ్చింది. ఒక అద్దాల కొట్టం అప్పటికే ఒరిగి పడిపోయి ఉంది. పునాది మట్టి నానిపోయింది. గాజు పలకలు బురదలో ముక్కలై మెరుస్తున్నాయి. రెండోది పిక్కల దాకా నీళ్లలో నిలబడి ఉంది. గార్డు అందులోంచి నారు తట్టలు తెచ్చి వసారాలో మంచం మీద పెడుతున్నాడు. ఆమె బియ్యం కుండను అటక మీదికి ఎత్తుతోంది. పొయ్యిలోంచి నీళ్లతో పాటు బూడిద తేలి, ఇల్లంతా తిరుగుతోంది.

"వచ్చిన్రా సార్," అన్నాడు గార్డు. "మీ రాయి మునిగింది. నాకైతే కనబడ్తలేదు."

మత్తడి దగ్గరికి వెళితే ఊరు ఊరంతా అక్కడే ఉంది. కొందరి చేతుల్లో కర్రలున్నాయి. ముందు నీరటి నిలబడ్డాడు. చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు వంతులేసి పంచే మనిషిని మా దిక్కు నీరటి అంటారు.

"ఈ సంచులు ఎవరు పెట్టిన్రు?" అన్నాను, గొంతులో కాస్త సర్కారు కలిపి.

"చెరువే వెట్టుకున్నది సారూ," అన్నాడు నీరటి. జనం నవ్వారు.

నవ్వనిది ఒక్క ముసలి రైతే. ముందుకొచ్చి అన్నాడు: "ఏండ్లకేండ్లు మొగులు దిక్కు సూసి సూసి మెడలు వట్టినయి. ఇయ్యాల వచ్చిన నీళ్లను పొమ్మంటవా? మల్ల యాసంగికి నీళ్లెవరిస్తరు, గార్డు సారు రైల్ల తెస్తడా?"

గార్డమ్మ మా వెనకే వచ్చింది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి.

"మీ మిరపతోటలన్నీ నా కొట్టంల పుట్టినయే గదనె," అంది ఆ ముసలాయనతో. "మీ పంట ఎండాలని నేనెందుకంట? క్వార్టర్ ఇడిసి వచ్చినం. గీ ఇల్లు గూడ మునిగితే యాడికి పోవాలె? గా మాట జెప్పున్రి."

నీరటి తల తిప్పుకొని, "గుంతల ఇల్లు గట్టినోడు సేటు. పోయి సేటునడుగు," అన్నాడు. ఆమె నారు తీసుకున్న చేతులే అక్కడ సగం. ఆ చేతుల్లోనే కర్రలున్నాయి.

నేను గొలుసు తీశాను. నీళ్లలో గొలుసు పరచడం కన్నా వ్యర్థమైన పని మా వృత్తిలో ఇంకోటి లేదు. గొలుసు కనబడదు, నిలవదు. చైన్‌మన్ కాళ్లతో తడిమి తడిమి నా రాయిని పట్టాడు. దాని మీద నిలబడితే నీళ్లు మోకాలి కిందికి వచ్చాయి. (నడుం దాటలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.) అక్కడి నుంచి గొంతెత్తి అన్నాను: "ఇది సర్కారు హద్దు. నీళ్లు దాటినయి. సంచులు తీసెయ్యండి!"

మైకులో చెప్పినప్పుడు ఈ మాట తర్వాత ఊరు వంగి సంచులు తీసేది. అసలు జరిగింది వేరు. ఒక్కడు కదల్లేదు.

"మాకెందుకు జెప్తానవ్ సారూ?" అన్నాడు నీరటి. "దాటింది చెరువు. దానికే జెప్పు."

ఈసారి ముసలి రైతు కూడా నవ్వాడు. నేను చెరువును ఆపిన కథ అక్కడితో సరి. నీళ్లు ఆ రోజే వెనక్కి పోయిన మాట నిజం. నా గొలుసును చూసి మాత్రం కాదు.

అప్పుడు సర్పంచి చేతులు జోడించి ముందుకొచ్చాడు. "ఆకలి మీద పంచాయితి తెగది సారూ. జరంత తిని మాట్లాడుకుందాం రా." పొద్దున్నుంచీ తిన్నది లేదు. వెళ్లాను. వెళుతూ వెనక్కి చూస్తే, గార్డు ఒరిగిన కొట్టం దగ్గర బురదలో నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. ఆయన పిలవలేదు. నేనే "ఇప్పుడే వస్తం" అన్నాను.

సర్పంచి ఇంట్లో కోడి కూర. విస్తరి ముందు కూచుని చైన్‌మన్ మెల్లగా అన్నాడు: "సారూ, గీ కూర అరిగేదాక సంచులు తియ్యమని ఎట్లంటవు?" నేను ముద్ద మింగాను. రెండో ముద్దకు బయట అరుపులు వినబడ్డాయి.

పరిగెత్తుకొని వెళ్లేసరికి గార్డును ఎడ్లబండి మీద పడుకోబెట్టారు. తొడ నుంచి మోకాలి దాకా తువ్వాళ్లు చుట్టారు. తువ్వాళ్లన్నీ ఎర్రగా తడిసిపోయాయి. తల నీరటి ఒళ్లో ఉంది. "కొట్టం గూలింది సారూ, అద్దం వడ్డది మీద," అని నలుగురైదుగురు ఒక్కసారే అన్నారు. గార్డమ్మ బండి పట్టెను పట్టుకొని నడుస్తోంది. "అద్దం వడ్డదా?" అని అడిగితే ఊ అంది. దూరంగా మత్తడి హోరున పొర్లుతోంది. సంచులు లేవు.

నేను బండి వెనక ఉరికాను. రోడ్డెక్కి, లారీ ఆపి, వరంగల్ దవాఖానకు తీసుకెళ్లాం. గాయం కుట్టారు. బురద లోపలికి వెళ్లిందన్నారు. కొన్నాళ్లకు దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతం. చివరి రోజు చూడ్డానికి పోయాను. ఒళ్లంతా విల్లులా వంగిపోయి, కళ్లు మాత్రం తెరుచుకొని ఉన్నాయి. కాజీపేట నుంచి వచ్చిన తోటి గార్డులు వరండాలో నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూడలేక గోడ వైపు తిరిగారు. ఆ సాయంత్రమే పోయాడు.

నేను ఆఫీసులో చెప్పింది ఇది: హద్దు చూపించాను, గ్రామస్థులు తమంతట తామే సంచులు తీసేశారు, నీళ్లు తగ్గాయి. అధికారి నా భుజం తట్టాడు. ఆ తట్టు దగ్గర మొదలైంది నా గొప్ప.

అయినా నా మనసులో నేను నిజంగా నమ్మిన కథ ఒకటుంది. గార్డు నారు కోసం రెండో కొట్టంలోకి వెళ్లాడు, అది కూలింది, ఆ రక్తం చూసి ఊరికి సిగ్గేసింది, కర్రలు పట్టిన చేతులే సంచులు లాగేశాయి. ఇదీ ఆ కథ. ఆ తర్వాత ఆ మత్తడి మీద ఎవరూ సంచి పెట్టలేదు కూడా. ఊరు ఎంత చెడ్డదైనా దానికీ ఒక గుండె ఉంటుందని, ఈ వ్యాసం చివర రాసి ముగిద్దామనుకున్నాను.

అచ్చుకు పంపేముందు ఆమెకొకసారి వినిపించడం ధర్మమనిపించింది. బస్సెక్కి వెళ్లాను. గార్డమ్మ ఆ ఇంట్లోనే ఉంది. ముసలిదైపోయింది. వసారాలో చాప మీద మిరప విత్తనం ఆరబోస్తూ, నన్ను చదవమంది. చదివాను. నత్తగుల్లల దగ్గర నవ్వింది. దవాఖాన దగ్గర చెయ్యి ఆపింది. ఊరి గుండె దాకా వచ్చేసరికి, "ఆగు అన్నా," అంది.

"గట్ల జరుగలె. రెండో కొట్టం ఆనాడు పడనే లేదు. అగో, గదే. ఆనాడు నువ్వు దాని ముందలికెళ్లే ఉరికినవు, ఒక్క అద్దం రాలలే."

చూశాను. తుప్పు పట్టింది గానీ నిలబడే ఉంది.

"మరి ఆయనకు..."

"మీరు తిననీకి పోంగనే, పడ్డ కొట్టంల నుంచి ఇంత పెద్ద అద్దం ముక్క తీస్కొని మత్తడి మీదికి పోయిండు. ఒక్కొక్క సంచి కోసుకుంట పోయిండు. మన్నంత కారిపోతాంటె ఊరోళ్లు కాలు వట్టి గుంజిన్రు. చేతుల అద్దం మీదనే పడ్డడు."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"క్వార్టర్ లేకపాయె, మనిషి లేకపాయె. ఊరు గూడ లేకుంట జేసుకొని యాడ బతకాలె? వాళ్లు అద్దం వడ్డదన్నరు, నేను ఊ అన్న. ఇప్పుడు గాళ్లంత పోయిన్రు, నాకేం భయం?" విత్తనం మీద చెయ్యి ఆడిస్తూ నా కాగితాల వైపు గడ్డం ఊపింది. "ఊరోళ్లు సిగ్గువడి తీసిన్రని రాసినవు సూడు, గది కొట్టెయ్. నా మొగడు తీసిండని రాయి."